పంపు ఎన్ని కారణాలతో ఆగవచ్చు?

గవ్వలకొండ కాలనీ మూడో వరుసలో నీళ్లు రాకపోతే ముందుగా తిట్లు తినేది ఉమాదేవి. ఆమె కార్పొరేటరు కాదు, ఇంజనీరూ కాదు. రాష్ట్ర జలయంత్రాల సంస్థలో ప్రోగ్రామరు. ఆమె చేసిన తప్పల్లా, ఆ ఉద్యోగం చేస్తూ ఆ మూడో వరుసలోనే అద్దెకు దిగడం.

"ఓలమ్మా ఉమా, మీ ఆపీసులో అందరూ కంపూటర్ల ముందు కూకుని ఏటి సేత్తారే? అందులో ఏదో ఒకటి నొక్కితే నీల్లు రావా?" అని పక్కింటి బంగారమ్మ రోజూ అడిగేది. బంగారమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె గొంతు మామూలుగా మాట్లాడినా కొండ కింది దాకా వినిపిస్తుంది. అందుకని ఉమాదేవి పనితనం గురించి కాలనీ మొత్తానికి తెలుసు.

అసలు సంగతి ఇది. కొండ కింద పంపుహౌసు ఉంది. అక్కడి మోటారు నీళ్లను పైకి తోస్తుంది. మోటారు ఆగిపోతే పక్కనున్న చిన్న తెర మీద ఒకే ఒక్క మాట వస్తుంది: "లోపం". ఏమి లోపమో చెప్పదు. ఆపరేటరు ఎర్నాయుడు కరెంటు చూడాలి, వేడి చూడాలి, తొట్టిలో నీళ్లు చూడాలి, పైపులు చూడాలి, వాల్వులు చూడాలి. అన్నీ చూసి అసలు కారణం పట్టుకునేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి మొదటి వరుస తలంట్లు పోసుకుని ఉంటుంది, మూడో వరుస బిందెలు బోర్లించుకుని ఉంటుంది.

ఎందుకాగిందో ఆ పంపు చేతే చెప్పించాలని ఉమాదేవి అనుకుంది. ఆవేశంలో అనుకున్నది కాదు, ఆ పని ఆమెదే.

దానికి ఆమె ఒక మాక్రో రాసింది. మాక్రో అంటే భయపడాల్సిన వస్తువేమీ కాదు. అదొక పొట్టి పేరు. ప్రోగ్రాములో ఆ పేరు ఎక్కడ కనపడినా, కంప్యూటరు అసలు పని మొదలెట్టక ముందే దాన్ని తీసేసి, దాని వెనకున్న పెద్ద వాక్యాన్ని అక్కడ కూర్చోబెడుతుంది. ఆ పేరు పక్కన బ్రాకెట్టులో వివరాలు ఇవ్వాలి. మోటారు వేడెక్కి ఆగితే ఒక్క వివరం చాలు, ఎంత వేడో. కరెంటు తేడా చేస్తే మూడు తీగలకూ మూడు వివరాలు. ఎప్పుడు ఎన్ని కావాలో ముందే తెలియదు కనుక ఉమాదేవి బ్రాకెట్టులో మూడు చుక్కలు పెట్టింది. సి భాషలో ఆ చుక్కలకు "ఎన్నైనా రానీ" అని అర్థం. ఆ మాక్రోకు "కబురు" అని పేరు పెట్టుకుంది. మొత్తం కలిపి ఒక్క లైను.

ఆ ఒక్క లైనూ పంపులోకి ఎక్కాలంటే జాయింట్ డైరెక్టరు (ప్రమాణాలు) చల్లా రామభద్రం గారి సంతకం కావాలి.

రామభద్రం గారు చెడ్డవారు కాదు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. ఏ కాగితమైనా పూర్తిగా చదువుతారు. వచ్చిన చిక్కంతా అదే.

"ఈ చుక్కలేమిటమ్మా?" అన్నారాయన.

"ఎన్ని వివరాలైనా తీసుకుంటుంది సార్."

"ఎన్నైనా అంటే?"

"ఒకటి రావచ్చు, అయిదు రావచ్చు. ఆగిన కారణాన్ని బట్టి సార్."

"గరిష్ఠంగా?"

"గరిష్ఠం అంటూ ఏమీ లేదు సార్."

రామభద్రం గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. తన సర్వీసులో గరిష్ఠం లేని వస్తువును ఆయన చూడలేదు. సంస్థలో సెలవులకు గరిష్ఠం ఉంది, టీ కప్పులకు గరిష్ఠం ఉంది, సంతాప తీర్మానాలలో మౌనం పాటించే సమయానికి కూడా గరిష్ఠం ఉంది.

"చూడమ్మా. రేపు నేను స్టోర్సుకి ఇండెంటు రాస్తాను. కుర్చీలు, ఎన్నైనా. ఇస్తారా?"

"ఇవ్వరు సార్."

"నాకే ఇవ్వనిది పంపుకెందుకివ్వాలి?"

ఆయన వేలు లైను చివరికి జరిగింది.

"సరే, అసలు వివరాలేమీ రాకపోతే?"

"కబురొక్కటే వెళ్తుంది సార్. కాకపోతే చివర ఒక కామా మిగిలిపోతుంది. అదుంటే కంప్యూటరు ఒప్పుకోదు. అందుకని ఈ రెండు హాష్ గుర్తులు పెట్టాను, అవి ఆ కామాను మింగేస్తాయి."

"మింగేస్తాయా!" రామభద్రం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఎవరి అనుమతితో?"

ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది. రామభద్రం గారు స్వయంగా రాశారు, చక్కగా రాశారు.

"విషయం: అనిశ్చిత సంఖ్యలో వివరములను స్వీకరించు మాక్రోల నిషేధము గురించి. ఇందుమూలముగా తెలియజేయడమైనది ఏమనగా, సంస్థయందలి కొన్ని ప్రోగ్రాములలో వివరముల సంఖ్యను ముందుగా నిర్ణయింపక, వచ్చినవి వచ్చినట్లు స్వీకరించు ధోరణి గమనింపబడినది. ఇట్టి ధోరణి పరిపాలనా క్రమశిక్షణకు విఘాతము. ఇకపై ప్రతి మాక్రోయు తాను స్వీకరింపదలచిన వివరముల సంఖ్యను ముందుగా ప్రకటించి, సదరు సంఖ్యకు మంజూరు పొందవలెను."

కింద ప్రతులు ఎవరెవరికో ఉంది. చీఫ్ ఇంజనీరు గారికి, డిప్యూటీ ఇంజనీర్లకు, తదితర సంబంధిత అధికారులందరికీ.

ఉమాదేవి ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లింది. "సార్, ఈ తదితర అధికారులంటే ఎంతమంది సార్?"

"అది ఎప్పటి నుంచో వస్తున్న అలవాటమ్మా," అన్నారాయన, పిల్లకు పాఠం చెప్పినంత ఓపికగా. "ఎప్పటి నుంచో వస్తున్నదానికి లెక్క అడగకూడదు. కొత్తదానికే లెక్క."

ఇక చేసేదేముంది? ఒక్క లైను పోయి ఆరు లైన్లు వచ్చాయి. కబురు-1, కబురు-2, అలా కబురు-6 దాకా ఉమాదేవి విడివిడిగా రాసింది. ఒక వివరమున్న కబురుకు ఒక మాక్రో, రెండున్నదానికి ఇంకోటి. ప్రతిదానికీ వేరే ఫైలు, ప్రతి ఫైలుకూ వేరే మంజూరు. ఆరుతో ఎందుకు ఆపావని ఎవరూ అడగలేదు. ఆరు వివరాలకు మించి ఒక పంపుకు చెప్పుకోవలసింది ఏముంటుందని అందరూ అనుకున్నారు.

కబురు-0 కూడా రాసింది గానీ అది తిరిగొచ్చింది. వివరమేదీ లేకుండా సమాచారమివ్వడం ఆధారం లేని ఆరోపణతో సమానమని, అట్టి సందర్భంలో వివరము గల స్థానమున "వర్తించదు" అని నింపవలెనని రాసి పంపారు. పంపు అలాగే నింపింది.

"మేడమ్ గారూ," ఎర్నాయుడు ఫోను చేశాడు, "తెర మీద మోటారు ఆగినది, వర్తించదు అని వత్తంది. ఆగినట్టా ఆగనట్టా?"

"ఆగినట్టే ఎర్నాయుడు గారూ."

"మరి వర్తించందేటండి?"

"అది మీకు కాదు. ఆఫీసుకి."

"అలాగా. నాకేదో మోటారికి కోపమొచ్చిందనుకున్నాను."

ఇంతటితో ఆగి ఉంటే గవ్వలకొండ ఎలాగో సర్దుకునేది. కానీ సంఖ్య అంటూ ఒకటి మంజూరయ్యాక దాన్ని చూసుకోవడానికి మనుషులుండాలి కదా. ఒక వివరపు విభాగము, రెండు వివరాల విభాగము, అలా ఆరు విభాగాలు వెలిశాయి. ఒక్కోదానికి ఒక సూపరింటెండెంటు, ఒక బోర్డు, బోర్డు కింద ఒక కూజా. పంపు ఏ కబురు పంపినా అది ఎన్ని వివరాలదో చూసి, ఆ విభాగానికి చేర్చి, వారు సరిచూసి, తిరిగి పంపుహౌసుకు తెలియజేస్తారు. పంపుహౌసులో ఎర్నాయుడు అప్పటికే దాన్ని తెర మీద చదివేసి, బాగుచేసి, భోజనానికి వెళ్లిపోయి ఉంటాడు. అయినా వచ్చినదానికి సంతకం పెట్టి పుచ్చుకునేవాడు. మర్యాదస్తుడు.

నెల తిరిగేసరికి సమీక్షా సమావేశం పెట్టారు. అయిదు వివరాల విభాగం సూపరింటెండెంటు అంబుజాక్షి గారు లేచి నిలబడ్డారు.

"సార్, కరెంటు లోపాలన్నీ మూడు వివరాలవే కావడంతో పనంతా మూడో విభాగానికే పోతోంది. మాకు ఇంతవరకూ అయిదు వివరాల లోపం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. మా సిబ్బంది మనోస్థైర్యం దెబ్బతింటోంది సార్. ఖాళీగా కూర్చోబెట్టి జీతమిస్తున్నారనే అపవాదు మాకెందుకు?"

మూడో విభాగం వారు తమ నడుములు పడిపోతున్నాయన్నారు. రామభద్రం గారు ఇరుపక్షాల వాదనా విన్నారు. ఆయన ఎవరికీ అన్యాయం జరగనివ్వరు.

"పనిని సమంగా పంచవలసి ఉన్నది," అన్నారు. "పంపులకు తగు సూచనలివ్వండి."

ఉమాదేవి తాను సరిగ్గా వినలేదేమో అనుకుంది. సరిగ్గానే విన్నది. మర్నాడు గవ్వలకొండ పంపుహౌసుకు మెమో వెళ్లింది.

"మీ పంపు గత మాసమందు మూడు వివరముల లోపములను కేటాయింపునకు మించి వినియోగించుకొన్నట్లు తేలినది. కావున ఇకపై సాధ్యమైనంతవరకు అయిదు వివరములతో చెడిపోవలసినదిగా ఆదేశించడమైనది. వ్యత్యాసములున్నచో సంజాయిషీ సమర్పించవలెను."

పంపు ఆ వారంలో మళ్లీ మూడు వివరాలతోనే ఆగింది. ఎర్నాయుడి సంజాయిషీ ఒక్క వాక్యం. "అయ్యా, మెమో మోటారికి చదివి వినిపించితిని, వినలేదు." రామభద్రం గారు దాన్ని చదివి, వినిపించిన తేదీ వేయలేదని వెనక్కి పంపారు.

ఈలోగా సూత్రం సంస్థంతా పాకింది. మంచి సూత్రానికి ఆ జబ్బుంటుంది, ఉన్నచోట ఉండదు. క్యాంటీనులో టిఫిను ఎన్ని ముక్కల్లో తినబోతున్నారో ముందే చెప్పాలన్నారు. అటెండరు ముకుందం నోరుజారి "చూద్దాం" అన్నందుకు అతనికి ఆ పూట టిఫినే లేదు. ఫిర్యాదుల గదిలో ఉన్న ఒక్క కిటికీని ఆరు కిటికీలు చేశారు. ఒక ఫిర్యాదున్నవారు మొదటి కిటికీ, రెండున్నవారు రెండో కిటికీ.

ఒకనాడు ఉమాదేవి మెట్లు దిగుతుంటే ఆ గదిలోంచి పరిచయమున్న గొంతు వినబడింది.

"నాలుగు! సెప్పాను కదయ్యా, నాలుగు. నీల్లు రాటం నేదు. వత్తే బురద. మీ పోను ఎవలూ ఎత్తరు. మా వరసలో కొలాయి పట్టేసి తిరగదు. నాలుగు అయినాయా?"

"అయినాయమ్మా. రాసుకుంటున్నాను."

"ఇంకోటి. ఇక్కడ నిలబడలేక నా కాల్లు పోనాయి, ఒక బల్లయినా ఎయ్యరేటి?"

గుమాస్తా కలం ఆపేశాడు. "అమ్మా, ఇది అయిదోది. ఇది నాలుగో కిటికీ. మీరు అయిదో కిటికీకి వెళ్లాలి."

"పోనీ అది ఒగ్గీ బాబూ. నాలుగే రాసుకో."

"చెప్పిన ఫిర్యాదును ఉపసంహరించుకుంటే మూడో అంతస్తులో దరఖాస్తు పెట్టాలమ్మా."

బంగారమ్మ అయిదో కిటికీకి వెళ్లింది. అక్కడ వరుసలో నిలబడి ఉండగానే వెనకాలాయన ఆమె కాలు తొక్కాడు. అయిదో కిటికీ దగ్గర ఆమె మొదట చెప్పింది అదే. గుమాస్తా ఎంతో వినయంగా ఆరో కిటికీ చూపించాడు. ఆరో కిటికీ దగ్గరికొచ్చేసరికి ఆమెకు మొత్తం సంస్థ మీదే ఒక ఫిర్యాదుంది. ఏడో కిటికీ లేదు.

సాయంత్రం కొండెక్కుతూ బంగారమ్మ అంది, "ఒసే ఉమా, మీవోల్లు సెడ్డోల్లు కారే. ఒక్కడూ కసురుకోనేదు. ఎంత మరేదగా తరిమేసినారో."

వేసవి వచ్చింది. ఎండ ముదిరాక ఒక ఉదయం మోటారు ఆగింది. తెర మీద "మంజూరు లేదు" అని వచ్చింది.

ఎర్నాయుడు ఫోనులో చదవగానే ఉమాదేవికి అర్థమైంది. ఆ రోజు పంపు చెప్పాలనుకున్నవి ఏడు వివరాలు: మూడు తీగల కరెంటు, మోటారు వేడి, తొట్టిలో నీటిమట్టం, పైపులో ఒత్తిడి, వాల్వు ఎంత తెరుచుకుందో. కబురు-7 లేదు కాబట్టి పంపు నోరు తెరవలేకపోయింది. ఆమె పరుగున రామభద్రం గారి గదికెళ్లింది.

"ఏడుకి మంజూరు కావాలి సార్. ఇవాళే."

"ఏడు అంటే ఏడో విభాగం ఏర్పాటు చేయాలమ్మా. పోస్టులు, గది, బోర్డు, కూజా. బడ్జెట్టు సమావేశాల దాకా కుదరదు." ఆయనకు నిజంగానే బాధగా ఉంది. "పోనీ ఆరుతో సరిపెట్టుకోమనండి పంపుని. ఒకటి తగ్గించుకుంటే పోయేదేముంది?"

"ఏది తగ్గించాలి సార్?"

"అది మనిద్దరం నిర్ణయించేది కాదు. కమిటీ ఉంది."

కమిటీ కూర్చుంది. కరెంటు వివరాలు తీసేద్దామంటే విద్యుత్తు వారు ఒప్పుకోలేదు. నీటిమట్టం తీసేద్దామంటే జలయంత్రాల సంస్థలో నీరే లేకపోతే ఎలాగని ఎవరో అన్నారు, అది సబబుగా తోచింది. చివరికి వాల్వు వివరం తీసేశారు. వాల్వులు పక్క బిల్డింగులో ఉన్న పైపుల శాఖ కిందికొస్తాయి, ఆ శాఖ నుంచి కమిటీలో ఎవరూ లేరు. తీర్మానం ఏకగ్రీవం.

పంపు ఇప్పుడు ఆరు వివరాలతో నోరు తెరిచింది. కరెంటు కాస్త తక్కువ, వేడి కాస్త ఎక్కువ, ఒత్తిడి కాస్త తక్కువ. ఏదీ మోటారు ఆగిపోయేంత కాదు. ఎర్నాయుడు తీగలు విప్పాడు, బిగించాడు. వాల్వు చక్రం పైకి పూర్తిగా తిప్పినట్టే కనబడింది. మోటారును తడిగుడ్డతో తుడిచాడు. నడిపితే కొంచెంసేపు దగ్గి మళ్లీ ఆగేది.

"అంతా బాగానే ఉందంటంది మేడమ్, నడవనంటంది," అన్నాడు ఫోనులో. "మా మావ కూడా ఇలాగే ఉండీవోడు."

గవ్వలకొండకు ట్యాంకరు వచ్చేది. అది మొదటి వరుస దాకా ఎక్కగలదు, రెండో వరుస మలుపు తిరగలేదు. మూడో వరుస ఆడవాళ్లు బిందెలతో దిగి, బిందెలతో ఎక్కేవాళ్లు. ఉమాదేవి కూడా ఎక్కేది. దారంతా ఒలికి, ఇంటికి చేరేసరికి సగం బిందె మిగిలేది.

బంగారమ్మ తిట్టడం మానేసింది. ఉమాదేవి గడప దగ్గర ఎదురైతే తలతిప్పుకుని వెళ్లిపోయేది. ఒకరోజు ఉమాదేవి ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో చెంబుతో నీళ్లున్నాయి, మీద మూత పెట్టి. ఎవరు పెట్టారో అడగక్కర్లేదు, చెంబుకు ఎండుచేపల వాసన. ఉమాదేవి ఆ చెంబు ఎత్తి లోపల పెట్టుకుంది. తిట్టినప్పుడు ఎన్నడూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు ఆమె, వచ్చిన కాగితాలు లెక్క రాసుకునే ఇన్‌వార్డు గదిలో కూర్చుని ఉంది. ఏడుకి అర్జీ మళ్లీ పెడదామని వచ్చింది. ముకుందం రెండు చేతుల్లోనూ పట్టనంత ఫైలు ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు. దుమ్ము లేచింది. లోపల కాగితాలు, కాగితాలకు పిన్ను చేసిన కాగితాలు, మ్యాపులు, రశీదులు, ఎవరిదో పెళ్లి శుభలేఖ. అన్నిటికీ కలిపి అడ్డంగా ఒక ట్యాగు కట్టి ఉంది.

"ఎన్ని?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"ఒకటి," అన్నాడు ముకుందం.

గుమాస్తా "ఒకటి" అని రాసుకున్నాడు.

ఉమాదేవి ఆ ట్యాగు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని తన సీటుకి పరుగెత్తింది.

సి భాషలో చుక్కలు రాకముందు పాతకాలం వాళ్లు ఒక ఉపాయం చేసేవారు. వివరాలన్నిటి చుట్టూ ఇంకో బ్రాకెట్టు పెట్టేవారు, బ్రాకెట్టులో బ్రాకెట్టు. అప్పుడు మాక్రో కంటికి లోపలున్నవి ఏడైనా పదిహేడైనా అదంతా ఒక్క మూటే. ఒక్క వివరమే. ఆమె కబురు-1 తీసుకుంది. దానికి మంజూరు ఎప్పుడో ఉంది. పంపు చెప్పదలచుకున్నదంతా ఒక బ్రాకెట్టులో కట్టి దాని చేతిలో పెట్టింది.

రామభద్రం గారు యథాప్రకారం పూర్తిగా చదివారు.

"కబురు-1. అంటే వివరం ఒక్కటే కదమ్మా?"

"ఒక్కటే సార్."

"ఈ లోపల ఏవో చాలా కనబడుతున్నాయే."

"అవి బ్రాకెట్టు లోపల ఉన్నాయి సార్. ఫైల్లో కాగితాల్లాగా."

ఆయన కలం గాలిలో ఆగింది.

"ఫైల్లో కాగితాలెన్నో మనం ఇన్‌వార్డులో రాయం," అన్నారాయన నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఎన్నడూ రాయలేదు. ఫైలు ఫైలే." ఆయన మొహం విచ్చుకుంది. "చూశావా అమ్మా? నిబంధనలో ఇరుకు లేదు. మనం సర్దుకోవడంలో ఉంది." అని సంతకం పెట్టేశారు.

కొత్త ప్రోగ్రాము ఎక్కగానే ఎర్నాయుడు ఫోనులో చదివాడు. కూడబలుక్కుంటూ చదివాడు. కరెంటు, వేడి, మట్టం, ఒత్తిడి, అన్నీ అయ్యాక, "నీరు లోనికి వచ్చు వాల్వు సగమే తెరుచుకొన్నది" అని చదివి, ఆగి, "ఓర్నీ!" అన్నాడు. ఫోను పెట్టేయకుండానే వెళ్లిపోయాడు. దూరంగా స్పానరుతో ఇనుము మీద నాలుగు దెబ్బలు వినబడ్డాయి. ఆ తర్వాత ఒక గరగర, ఆ తర్వాత మోటారు దగ్గు లేకుండా అందుకున్న చప్పుడు.

ఆ సాయంత్రం మూడో వరుస కొళాయి మొదట గాలి కక్కింది, తర్వాత తుప్పునీళ్లు, తర్వాత నీళ్లు. ఆడవాళ్లంతా నిండిన బిందెలు కూడా తీసుకెళ్లకుండా అక్కడే నిలబడి చూశారు.

"ఒసే ఉమా!" అని కొండంతా వినబడేలా అరిచింది బంగారమ్మ. "ఇంత సిన్న పనికి ఇన్నాల్లా? మీవోల్లకి సిగ్గూ సెరమూ నేదా?"

ఉమాదేవికి ప్రాణం లేచొచ్చింది.

సంస్థలో మాత్రం కలకలం రేగింది. ప్రోగ్రామర్లందరూ ఆ బ్రాకెట్టు నేర్చేసుకున్నారు. అన్ని పంపులూ అన్ని లోపాలూ ఒక్క వివరంతోనే చెప్పడం మొదలెట్టాయి. రెండు నుంచి ఆరు దాకా విభాగాలకు పని లేకుండా పోయింది. అయినా వాటిని మూయలేదు. మూయాలంటే ఎన్నింటిని మూయాలో చెప్పాలి, దాని మీద కమిటీ వేశారు. రామభద్రం గారు ఈ విజయానికి "వివరాల ఏకీకరణ పథకం" అని పేరు పెట్టి, దాని ఆవిష్కరణ సభ గవ్వలకొండలోనే జరపాలని నిర్ణయించారు.

రెండో వరుస మలుపులో షామియానా వేశారు. ఎండ షామియానా గుడ్డలోంచి కూడా దిగుతోంది. ఎర్నాయుడికి శాలువా కప్పారు, ఆ వేడికి అతను వెంటనే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రామభద్రం గారు నిశ్చితత్వం గురించి బాగా మాట్లాడారు. "అనేకమును ఏకముగా చూడగలుగుటయే పరిపాలన" అన్నప్పుడు అంబుజాక్షి గారు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు లబ్ధిదారుల తరఫున ఒకరు," అని కార్యక్రమం చూసి చదివాడు ముకుందం, "ఒక్క విషయం మాట్లాడతారు. ఒక్కటే."

మూడో వరుస మొత్తం బంగారమ్మను ముందుకు తోసింది. అంతకు ముందే ఆమె పంపుహౌసుకు పోయి, తెర మీద అన్ని కబుర్లు ఒక్క వివరంగా ఎలా వస్తున్నాయో ఎర్నాయుడి దగ్గర కూర్చుని మరీ తెలుసుకుంది. మైకు అవసరం లేకపోయినా పట్టుకుంది.

"బాబూ, మాది ఒకటే ఇసయం," అంది.

"ఒక్కటే," అన్నారు రామభద్రం గారు సంతోషంగా, పక్కనున్నవారి వైపు తిరిగి. "చూశారా, ప్రజల్లోకి ఎలా వెళ్లిందో!"

బంగారమ్మ ఎడమచేతిని విల్లులా వంచి గాలిలో నిలబెట్టింది.

"నీల్లొచ్చినాయి, సంతోసం. రోజూ ఒకే ఏలకి రావాలి. వాల్వు మల్లీ పట్టేయకుండా నెలనెలా నూనెయ్యాలి. రెండో వరస మలుపు ఎడల్పు సెయ్యాలి, ఆ ట్యాంకరు దొర పైకి రానన్నాడు. మెట్లు ఇరిగిపోనాయి, మా అత్త పడిపోనాది. ఈదిలైట్లు ఎలగటం నేదు. కాలవ తియ్యటం నేదు, దోమలు. మీ ఆపీసులో బల్ల ఎయ్యాలి, నిలబడలేక సత్తన్నాం. పోను ఎత్తాలి..."

రామభద్రం గారి చిరునవ్వు కాసేపు నిలబడింది. తర్వాత చెమట పట్టింది. ఆయన వాచీ చూసుకున్నారు, కారు వైపు చూశారు, ఉమాదేవి వైపు చూశారు. ఉమాదేవి చాలా శ్రద్ధగా షామియానా గుంజను చూస్తోంది. బంగారమ్మ జాబితా రేషను షాపు దాటి బస్సు దగ్గరికి వచ్చింది. ఆయన ఇక ఆగలేక లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్క విషయమే అన్నారు కదా!"

"ఒకటే కద బాబూ," అంది బంగారమ్మ, వంచిన చెయ్యి దించకుండానే. "కూకోండి. బ్రాకెట్టు ఇంకా ముయ్యనేదు."